కుట్టుపడవలో కుర్చీ

గూడూరు,
1961 ఫిబ్రవరి 12

వదినకు నరసయ్య రాసేది.

నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమం అని రాసే అలవాటు నాకు లేదు. కాలు పోయినవాడు ఉన్న ఇంట్లో క్షేమమేంది? నీ కార్డు అందింది. నాలుగుసార్లు చదివినాను. మన పడవ వెనక తెడ్డు, మనతో తెడ్డు వేసే ఏసుమణికి ఇచ్చేసినారని రాసినావు. మీ అన్నే ఇయ్యమన్నాడు అని గూడా రాసినావు. నేను నమ్మను. పదహారేళ్లు ఆ తెడ్డు పట్టి పడవను నడిపినవాడు, అల లేవకముందే దాని సంగతి చెప్పేవాడు, తనంతట తాను ఇస్తాడా? ఊరి పెద్దలు ఇసుకలో కూర్చోని, గొంతు సవరించుకోని, "హజరత్తూ, ఇంక నువ్వు ఒడ్డున ఉండి వలలు బాగు చేసుకోరా" అని ఉంటారు. ఆయన సరే అని ఉంటాడు. అన్నకు సరే అనడం ఒక్కటే వచ్చు. ఆయన పడాల్సిన కోపమంతా నేను పడుతుండాను.

ఆ కార్తీకంలో పడవ నిండా నీళ్లు చేరి, అలకు అడ్డం తిరిగి, అన్న కాలు పడవకూ ఇసుకకూ మధ్య నలిగిందని ఊరంతా ఇప్పటికీ కథ చెప్పుకుంటుంది గదా. గంగమ్మకు కోపం వచ్చిందంటారు. గాలి మారిందంటారు. తప్పు పడవదని ఒక్కడూ అనడు. ఒక్క మేకు లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టిన పడవ కారక ఏం చేస్తుంది? దేశమంతా ఇనుముతో నడుస్తుంటే మనం ఇంకా పడవలకు కుట్లు వేసుకుంటుండాం, చిరిగిన చొక్కాకు వేసినట్టు.

విను. ఇక్కడ స్టేషనుకు ఎదురుగా ఒక సెలూన్ ఉంది. దాంట్లో ఒక కుర్చీ. దానికి ఒకే ఒక ఇనప కాలు. ఆ కాలిని బోల్టులతో నేలకు బిగించినారు. పైన కూర్చున్నవాణ్ణి ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు. నిన్న జుట్టు కత్తిరించుకుందామని పోయి కూర్చున్నాను. కత్తెర పడకముందే లేచి వచ్చేసినాను. సెలూనాయన "ఏమైంది అబయా, నేనింకా ముట్టుకోనే లేదే!" అని వెనక నుంచి అరిచినాడు.

అన్న పడవలో నిలబడలేడు. బల్ల మీద కూర్చుంటే పడవ ముక్కు అడ్డం వచ్చి ముందర అల కనపడదు. తెడ్డు పిడి చేతికి అందదు. అంతేగదా చిక్కు? నిలబడిన మనిషి ఎత్తున కూర్చోబెట్టే కుర్చీ ఉంటే? ఒడ్డుకు వచ్చేటప్పుడు వెనక అల చూసుకోను తిరిగే కుర్చీ ఉంటే? నేను చేస్తాను. నేను పనిచేసే షాపులో ఇనుము చెక్కే లేతు ఉంది, నాకు చేతులు ఉండాయి.

కొలతలు పంపు. అన్న మంచికాలు మోకాలి నుంచి మడమ దాకా. పడవ అడుగు నుంచి అంచు దాకా. వెనక బల్ల దగ్గర వెడల్పు. ఎందుకని అడిగితే చెప్పొద్దు.

నేను రాలేను. షాపులో పని విపరీతంగా ఉంది. అభ్రకం గనుల పంపులన్నీ ఒక్కసారే చెడిపోయినాయి.

నరసయ్య

&nbsp;

మైపాడు,
1961 మార్చి 3

మరిదికి చెంచులక్ష్మి రాసేది.

నీ ఉత్తరం మీ అన్నకు చదివి వినిపించినా, కుర్చీ సంగతి ఒక్కటి వదిలేసి. "అన్నకు సరే అనడం ఒక్కటే వచ్చు" అన్న చోట ఆగిపోయినా. "ఏమే ఆగినావు?" అన్నాడు. "అక్షరం తెలియలా" అన్నా. "వాడి అక్షరం బాగనే ఉంటుంది. నీకు నోరు రాలేదు" అన్నాడు. మీ అన్నకు కాగితం చదవను రాదుగానీ, చదివేవాళ్ల మొహం చదవను వచ్చు. నువ్వు ఇది గుర్తు పెట్టుకో.

పెద్దలు ఎవ్వరూ ఏమీ అనలేదు నాయనా. వాళ్ల మీద కోపం ఎందుకు? ఈయనే ఏసుమణిని పిలిచి తెడ్డు చేతికిచ్చినాడు. "పడవ ఊరకే ఎండలో ఉంటే కుట్లు ఎండి తెగిపోతాయి. పడవకేం పాపం" అన్నాడు. ఇచ్చి, ఇంటికొచ్చి, అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇది నీకు రాయగూడదనుకున్నా. రాసేసినా.

కొలతలు మధ్యాహ్నం ఆయన కునుకు తీసేటప్పుడు తాడు పెట్టి కొలిచినా. కళ్లు మూసుకునే ఉండాడు. "తాడు గట్టిగా లాగి పట్టుకో. లేకపోతే వాడు ఏం చేస్తుండాడో అది పొట్టిగా వస్తుంది" అన్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. కొలిచిన తాడు ఇందులో పెడుతుండా. చివర నుంచి మొదటి ముడి దాకా మీ అన్న మోకాలు. రెండో ముడి దాకా పడవ లోతు. మొత్తం తాడు పొడవు వెనక బల్ల దగ్గర వెడల్పు. ముళ్లు విప్పొద్దు.

పడవ దించే వేళకు అందరికంటే ముందు ఈయనే ఒడ్డుకు పోతాడు. చంకకర్ర ఇసుకలో దిగబడుతుంటుంది. అందరూ పడవను నెట్టేటప్పుడు తనూ ఒక చెయ్యి వేస్తాడు. పడవ నీళ్లలోకి పోయినాక గూడా ఆ చెయ్యి కాసేపు అట్లే ముందుకు చాపి ఉంటుంది. నేను చూడనట్టు తలకాయ తిప్పుకుంటా.

నీకు చెప్పమన్న మాట ఇది: "వాణ్ణే వచ్చి కొలుచుకోమను." చెప్పినా. ఏడాది పైన మూడు నెలలైంది నువ్వు గడప తొక్కి. పంపులకు నీ మీద అంత ప్రేమ ఏందో.

మీ వదిన

&nbsp;

గూడూరు,
1961 ఏప్రిల్ 9

వదినా,

కుర్చీ అయింది. రేపు గోనెసంచిలో కుట్టి నెల్లూరు బండిలో వేస్తుండాను. అక్కడి నుంచి మైపాడు బస్సు కండక్టరుకు చెప్పి ఎక్కించే ఏర్పాటు చేసినాను. బరువు ఉంటుంది, ఇద్దరు పోవాలి.

పాడైన పంపు గొట్టంతో కాలు చేసినాను. కింద జానెడు చదరం ఇనపరేకు, నాలుగు మూలలా నాలుగు బోల్టులు. పైన వేపచెక్క పీట, వెనక నడుముకు ఆనుకోను చిన్న అడ్డచెక్క. తిరిగే భాగం హుస్సేన్ సాహెబ్ లేతు మీద చెక్కి ఇచ్చినాడు. ఆయన షాపులో అందరికంటే పెద్ద పనివాడు, నాకు ఇనుము నేర్పిన మనిషి. వేలితో తోస్తే గిర్రున తిరిగి, చప్పుడు లేకుండా ఆగుతుంది. ఆయన గడ్డం నిమురుకుంటూ ఒకటే అడిగినాడు: "పడవ చూడకుండా కుర్చీ ఎట్లా చేస్తివిరా బేటా? బోల్టు పోయేది ఏ చెక్కలోకి? అది కదిలే చెక్కనా, కదలని చెక్కనా?" నాకు ఒళ్లు మండింది. "నేను ఆ పడవలో నీళ్లు తోడి పోస్తూ పెరిగినవాణ్ణి, నాకు చెప్తావా?" అని అరిచినాను. ఆయన టీ తాగను పోయినాడు.

పద్ధతి రాస్తుండాను, అన్నకు మాట పొల్లుపోకుండా చదువు. వెనక బల్లకు మూరెడు ముందర, పడవ అడుగు పలకకు నాలుగు బెజ్జాలు వెయ్యాలి. బోల్టు కింద తోలు ముక్క, దాని చుట్టూ తారు. మరలు బలంకొద్దీ బిగించాలి. కొండలాగా ఉండాలి, ఇసుమంత కదలగూడదు. పడవలు కుట్టే మస్తానయ్య తాత వద్దంటాడు. కుట్టుపడవలో ఇనుము తగలగూడదంటాడు. తాత మాట వినొద్దు. ఆయన కుట్లే అన్న కాలు తీసినాయి.

రాను వీలు కాదు.

నరసయ్య

&nbsp;

మైపాడు,
1961 మే 2

మరిదికి,

కుర్చీ వచ్చింది. బాగుంది. బస్సు దగ్గర నుంచి ఏసుమణి, ఇంకొకడు మోసుకొచ్చినారు. ఊరంతా చూడను వచ్చింది. "ఏం హజరత్తన్నా, గడ్డం గీయించుకోను సముద్రంలోకి పోతుండావా?" అని ఎగతాళి చేసినారు. ఈయన నవ్వినాడు. నవ్వి చాలా రోజులైంది. నువ్వు చెప్పినట్టే బోల్టులు బిగించినారు. మీ అన్న రోజూ దాంట్లో కూర్చుంటుండాడు. గిర్రున తిరుగుతుంది.

ఎండలు ఎక్కువగా ఉండాయి. మజ్జిగ తాగు.

మీ వదిన

&nbsp;

గూడూరు,
1961 మే 14

వదినా,

నీ కార్డు చొక్కా జేబులో పెట్టుకోని తిరుగుతుండాను. హుస్సేన్ సాహెబుకు చదివి వినిపించినాను. "మీ అన్న రోజూ దాంట్లో కూర్చుంటుండాడు" అన్న ముక్క రెండోసారి గూడా చదవమన్నాడు. ఆయనకు బిరియాని పెట్టించినాను. సెలూన్‌కు పోయి ఈసారి బుద్ధిగా కూర్చోని జుట్టు కత్తిరించుకున్నాను. కుర్చీని మెచ్చుకుంటే సెలూనాయన తననే మెచ్చుకున్నట్టు పొంగిపోయినాడు.

నా గది నీకు తెలియదు గదా. రైలుకట్ట పక్కన రేకుల గది. బండి పోయినప్పుడల్లా గోడకు కొట్టిన మేకు వణుకుతుంది, దానికి తగిలించిన చొక్కా ఊగుతుంది. దాన్ని చూస్తూ పడుకోని అన్న ఇప్పుడు ఏ అల మీద ఉన్నాడో అనుకుంటాను. ఏడాదిన్నరలో మొదటిసారి మనసు అటు పోతే ముల్లు మాదిరి గుచ్చుకోలేదు.

ఇంతకీ వివరంగా ఏమీ రాయలేదే నువ్వు? మూడో అల దాటేటప్పుడు కుర్చీ ఎట్లా ఉంది? ఒడ్డుకు వచ్చేటప్పుడు తిరిగి చూసుకుంటుండాడా? వలలో ఏం పడుతుండాయి? తాత ఏమన్నాడు? తాత మొహం ఎట్లా పెట్టినాడో అదొక్కటి రాయి చాలు.

నరసయ్య

&nbsp;

గూడూరు,
1961 జూలై 6

వదినా,

నా ఉత్తరానికి ఏడు వారాలుగా జవాబు లేదు. ఎందుకు లేదో ఇవాళ తెలిసింది.

స్టేషన్లో ఏసుమణి కనపడినాడు. మద్రాసు బండి కోసం ఎండుచేపల బుట్టతో కూర్చోని ఉండాడు. వాళ్లమ్మ పుట్టింటికి పోతుండాడంట. నేనే పోయి, "ఏం ఏసుమణీ, తెడ్డు చేజారింది గదా" అన్నాను. వెటకారంగానే అన్నాను. వాడు నా మొహం చూసి, పక్కకు జరిగి, "కూర్చో నరసయ్యా" అన్నాడు. వాడి గొంతులో జాలి ఉంది. అది నన్ను కాల్చింది.

అంతా చెప్పినాడు. కుర్చీ బిగించి పడవ దించిన మొదటి రోజే, రెండో అల కొట్టేసరికి బోల్టుల దగ్గర అడుగు పలక నిలువునా చీలిందంట. కుట్లు మూరెడు పొడవున తెగినాయంట. అందరూ దూకి, ఈదుతూ, అన్నను పట్టుకోని, పడవను ఒడ్డుకు లాగినారంట. ఆ రోజు నుంచి పడవ ఇసుకలోనే ఉందంట. తెడ్లు వేసేవాళ్లు వేరే పడవలకు పోయినారంట. అన్న రోజూ ఇసుకలో ఉన్న పడవ ఎక్కి, ఆ కుర్చీలో కూర్చుంటాడంట.

"మీ అన్న రోజూ దాంట్లో కూర్చుంటుండాడు." అబద్ధం రాయలేదు నువ్వు. అబద్ధమైతే తిట్టి ఊరుకునేవాణ్ణి.

నేను మనిషిని గాదా? చెడింది అని రాస్తే చచ్చిపోతానా? ఊరంతటికీ తెలిసి, మద్రాసు పోయే ఏసుమణికి తెలిసి, చేసినవాడికి మాత్రం తెలియగూడదు! నేను ఇక్కడ బిరియాని పెట్టించుకుంటూ తిరిగినాను, తెలుసా నీకు?

ఆ కుర్చీ పీకి సముద్రంలో వెయ్యి.

నరసయ్య

&nbsp;

మైపాడు,
1961 జూలై 20

నరసయ్యకు,

కోపం నీ ఒక్కడి సొత్తనుకున్నావా? నాకూ ఉంది. పొయ్యి ముందు కూర్చునే ఆడదానికి అది చూపించే తీరిక లేదు, అంతే.

అవును, దాచినా. నా కార్డు చూసి నువ్వు మొదటిసారి సంతోషంగా ఉత్తరం రాసినావు. మీ అన్న రెండుసార్లు చదివించుకున్నాడు. "వాడు జుట్టు కత్తిరించుకున్నాడంట" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పినాడు. అప్పుడు కుర్చీ చెడిందని రాయమంటావా? మొదట్నుంచీ ఆయనే వద్దన్నాడు. "వాడికి అదొక్కటే ఉంది, ఉండనీ" అన్నాడు.

కుర్చీని సముద్రంలో వేసేదానికి నువ్వెవరు? అది మీ అన్నది. ఎట్లా కూర్చుంటాడో తెలుసా? సముద్రానికి ఎదురుగా. పడవలన్నీ పోయిందాకా అటు చూస్తాడు. మళ్లీ అవి వచ్చే వేళకు ఎక్కి, "ఇప్పుడు గాదు, ఆగండి! వెనకది రానీ! ఆఁ, ఇప్పుడు, వెయ్యండి!" అని అరుస్తాడు. వాళ్లు గూడా చెవులు ఇటే పెట్టి తెడ్లు వేస్తారు. అందరూ చేపలు దించుకోని ఇళ్లకు పోతారు. ఆయన కుర్చీ ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పుకుంటూ ఒక్కడే కూర్చోని ఉంటాడు. దిగను చెయ్యందిస్తే, "ఉండవే, నేనింకా ఒడ్డుకు రాలేదు" అంటాడు. ఇప్పుడు చెప్పు, నేను ఏం రాయాల్సింది?

మస్తానయ్య తాత మొహం ఎట్లా పెట్టినాడో అడిగినావు. ఏడ్చినాడు. చీలిన పలక మీద చెయ్యి పెట్టి నిలబడి ఏడ్చినాడు. "పిల్లోడు ఇంత పని నేర్చి ఇంత మరిచిపాయె గదా" అన్నాడు. "ఇది ఇల్లు గాదు, కదలకుండా ఉండను. అల కొట్టినప్పుడు పలకలన్నీ కలిసి ఒళ్లు విరుచుకుంటాయి. అందుకే కుట్టేది. కొండ మాదిరి ఒకటి నడిమధ్యలో బిగిస్తే, చుట్టూ కదులుతుంది, అది కదలదు. చీలక ఏం చేస్తుంది?" అని చెప్పినాడు. నీ మీద కోపంగా అనలేదు. పలక మార్చి మళ్లీ కుడుతుండాడు. ముసలి చేతులు గదా, రోజుకు జానెడు సాగుతుంది.

ఇంకోటి గూడా అన్నాడు. కుర్చీ మంచిదేనంట. అడుక్కు తగలగూడదంట. వెనక రెండు బల్లల మీద ఒక చెక్క అడ్డంగా వేసి, దాన్ని తాళ్లతో కట్టి, ఆ చెక్క మీద కుర్చీ నిలబెట్టాలంట. పడవ మెలి తిరిగితే అదీ తిరగాలంట. "ఊయల మాదిరి. బిగించగూడదు, కట్టాల" అన్నాడు.

నాలుగు మాటలు రాసినందుకు కోపమొస్తే వచ్చి తిట్టు. రావు గదా? ఎందుకు రావు? పంపులని రాస్తే ఈ కాగితం పొయ్యిలో వేస్తా. నిజం రాయి.

మీ వదిన

&nbsp;

గూడూరు,
1961 సెప్టెంబర్ 10

వదినా,

ఇది అన్నకు చదవొద్దు.

మూడుసార్లు రాసి చించినాను. ఆ కార్తీకంలో, అన్న కాలు పోయిన రోజు పొద్దున నాకు కడుపునొప్పి అని చెప్పి పడుకున్నాను, గుర్తుందా? నువ్వు వాము నలిపి ఇచ్చినావు. నాకు ఏ నొప్పీ లేదు. మీరు ఒడ్డుకు పోయినాక లేచి, మైపాడు బస్సెక్కి నెల్లూరు పోయి, అక్కడ బండెక్కి గూడూరు వచ్చి, ఈ షాపులో పని అడిగినాను. నీళ్లు తోడే బతుకు చాలనుకున్నాను. అన్నకు చెప్తే సరే అంటాడు. ఆ సరే వినలేక చెప్పలేదు.

ఆ రోజు పడవలో నీళ్లు తోడేవాడు లేడు. తెడ్లు వేసేవాళ్లు చేతులు ఖాళీ లేక తోడలేదు. నీళ్లు నిండిన పడవ తెడ్డుకు తిరగదు. అందుకే అలకు అడ్డం పడింది. దీన్ని ఇన్నాళ్లూ గాలి అన్నారు, గంగమ్మ అన్నారు. నేను కుట్లు అన్నాను. అన్నిటికంటే గట్టిగా నేనే అరిచినాను.

అందుకే రాలేదు. ఆ కాలు చూడలేను.

హుస్సేన్ సాహెబుకు కుర్చీ సంగతి చెప్పి, ఆయన మీద అరిచినందుకు తప్పయిందన్నాను. "ఇనుము నాకు తెలుసు, నీకు తెలుసు. తాడు ఆ ముసలాయనకు తెలుసు. తెలిసినోణ్ణి అడగడానికి ఏం పోయింది?" అన్నాడు. తాత చెప్పినట్టే టేకు చెక్క పంపుతుండాను. అంచుల వెంట తాడు దూరను పన్నెండు బెజ్జాలు వేసి, తాడు తెగకుండా బెజ్జాల లోపల నున్నగా అరగదీసినాను. చెక్కతో పాటు కుర్చీకి కురచ కాలు పంపుతుండాను, పాతది పీకి ఇది వెయ్యాలి. బల్లల ఎత్తు తీసేసి చేసినాను. నీ తాడు ముళ్లు విప్పలేదు, దాంతోనే కొలిచినాను. ఎట్లా కట్టాలో నాకు తెలియదు. తాతను కట్టమని చెప్పు. నేను అడిగినానని చెప్పు.

నరసయ్య

&nbsp;

మైపాడు,
1962 జనవరి 28

నరసయ్యా,

చదవొద్దన్నావు. నీ ఉత్తరం చేతిలో పట్టుకోని వాకిట్లో నిలబడినా. మీ అన్న నా మొహం చూసినాడు. ఇంక చదవక తప్పలా. అంతా విన్నాడు. "పడవ నీళ్లలో దిగినాక జవాబు రాద్దాం, అందాకా ఆగు" అన్నాడు. వానలు, తుపానులు పోయి పడవ దించేసరికి ఇన్నాళ్లైంది. ఇక్కణ్ణించి ఆయన చెప్తుండాడు, నేను రాస్తుండా. ఒక్క మాట మార్చలా.

ఒరే నరసా,

నిన్న పడవ దించినాం. తాత కుర్చీ కట్టినాడు. మొదటి అలకు కిర్రుమనింది. రెండో అలకు పడవతో పాటు ఒరిగి, పడవతో పాటు లేచింది. మూడోది దాటినాక నాకు కుర్చీ ఉందన్న సంగతే మరుపొచ్చింది. ఏసుమణి ముందు తెడ్డు వేసినాడు. వెనక్కి తిరిగి, "సెలూన్ ఎట్లా ఉంది అన్నా?" అన్నాడు. "నీకు గూడా గొరుగుతా, తెడ్డు వెయ్ రా" అన్నా. వలలో సావిడి చేపలు బాగా పడినాయి.

ఇప్పుడు నీ సంగతి. వెనక తెడ్డు పట్టేవాడు ఎత్తున నిలబడతాడు. ఎత్తున ఉన్నవాడికి అన్నీ కనపడతాయి. ఆ రోజు రెండో అల మీద నుంచి వెనక్కి చూస్తే, రోడ్డు కొసన బస్సు దగ్గర నీ ఎర్ర తువాలు కనపడింది. నువ్వు బస్సెక్కడం చూసినా. నాకు నీకంటే కోపం ఎక్కువరా. బయటికి రానియ్యను, అంతే. తోడేవాడు లేడు, వెనక్కి పోదామని మావాళ్లు అన్నారు. "వాడు లేకపోతే పడవ మునుగుతుందా, వెయ్యండి" అన్నా. తోడేవాడు లేకుండా పడవను లోపలికి తీసుకుపోయింది నేను. కాలు నాది, తప్పు నాది. దాంట్లో వాటా అడగను నువ్వెవరు?

ఇదంతా నీకు ఆసుపత్రిలోనే చెప్పాల్సింది. నువ్వు తలుపు దగ్గరే నిలబడి, అట్నించి అట్లే వెళ్లిపోయినావు. నేను గోడవైపు తిరిగి పడుకున్నా.

తాళ్లు ఉప్పుకు వదులవుతాయంట, ఎనిమిది రోజులకొకసారి విప్పి కట్టాలంట. తాత చేతులు ఇంక పట్టు నిలవడంలేదు. చేసినవాడే కట్టడం నేర్చుకోవాల అంటుండాడు. బస్సు ఆదివారం గూడా ఉంది.

ఇంతకీ, కడుపునొప్పి తగ్గిందా?

హజరత్తయ్య

&nbsp;

గూడూరు,
1962 ఫిబ్రవరి 1

అన్నా,

తగ్గలేదు. ఆదివారం పొద్దున బస్సుకు వస్తుండాను. తాతను ఎక్కడికీ పోవద్దను. నీళ్లు తోడే ముంత ఎక్కడుందో వెతికి పెట్టమని వదినకు చెప్పు.

నరస